ఎర్రమూత డబ్బా

బల్లకు అటువైపు బేకరీ అల్లుడు, ఇటువైపు కూపీ, మధ్యలో చల్లారిన టీ. లాకప్పులో కప్పు దొరకడమే గొప్ప, అది వేడిగా కూడా ఉండాలంటే ఎలా అని కూపీ దాన్ని తనవైపు లాక్కుని తనే తాగేశాడు. అల్లుడు నవ్వలేదు. ఇతను రెండు రోజులుగా ఏమీ తినలేదని, అడిగినదానికి తప్ప నోరు విప్పడం లేదని కాపలా కానిస్టేబుల్ ముందే చెప్పాడు.

కూపీ అసలు పేరేమిటో ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. పోలీసులు వదిలేసినవాటి కూపీలు లాగి బతికే మనిషి గనక ఆ పేరే అతుక్కుపోయింది. కాఫీ పడితేనే కూపీ కదులుతాడని ఊళ్లో ఒక మాట. ఈసారి మాత్రం కాఫీ కూడా తాగకుండా బయల్దేరాడు. పిలిచింది అల్లుడి భార్య. "నాన్న పోయాడు, ఆయన లోపలున్నాడు, నాకింకెవరున్నారు బాబాయ్" అందామె గుమ్మంలోనే నిలబడి. సాయంత్రం నాలుగింటికి అల్లుణ్ణి మేజిస్ట్రేటు ముందు పెడతారు, మామను చంపాడన్న నేరం మీద. ఒకసారి రిమాండు కాగితం మీద సంతకం పడితే, ఆమె మొగుడు తిరిగి ఇంటికొచ్చేసరికి ఆమె జుట్టు ఏ రంగులో ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

మామ అంటే బేకరీ పెద్ద మాస్టర్. ఊరందరి పుట్టినరోజులకూ కేకులు చేసి చేసి, తన నెత్తుట్లోకి పంచదార తెచ్చుకున్నవాడు. మధుమేహం వచ్చింది గానీ మధుమోహం పోలేదు. రోజూ పొద్దున్నే ఇన్సులిన్ సూది పడాలి. మాస్టర్‌కి చేతులు వణుకుతాయి గనక అది అల్లుడే వేసేవాడు. మొన్న పొద్దున ఏడింటికి కూడా వేశాడు. తర్వాత ఇద్దరూ గొడవపడ్డారు. తొమ్మిది కాకముందే మాస్టర్‌కి చెమటలు పోసి, మాట తడబడి, ఓవెన్ ముందు కూలిపోయాడు. ఆస్పత్రి గుమ్మంలో వేలు గుచ్చి చూస్తే నెత్తుట్లో పంచదార అడుగంటిపోయి ఉంది. మందు ఎక్కించేలోపే, అప్పటికే ఒకసారి దెబ్బతిన్న గుండె, ఆగిపోయింది.

"గొడవ దేనికి?" అన్నాడు కూపీ.

అల్లుడు దాచకుండా చెప్పాడు. షుగర్ ఉన్నవాళ్లు కూడా తినేలా కృత్రిమ తీపిపొడితో ఒక కేకు చేసి మామ ముందు పెట్టాడట. మామ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, మిగతాది ట్రేతో సహా కిందికి తోసేశాడు. కేకులు చేసేచోట కేకలు మొదలయ్యాయి. ఈ పొళ్లు మనుషుల్ని లోపల్నుంచి తినేస్తాయని మామ. మీ పంచదార మీకేం మిగిల్చింది, కళ్లు చూసుకోండి, కాళ్లు చూసుకోండి అని అల్లుడు. ఎంత మొత్తుకున్నా ఆ బేకరీలో అల్లుడి మాట ఎప్పుడూ బేఖాతరే. కోపంలో మామ టిఫిన్ ముట్టలేదు. సూది పడ్డాక తినకపోతే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"తినమని అడగలేదా?"

"అడిగాను. 'నీ కేకు తిన్నాగా, కడుపు నిండింది' అన్నారు."

అది ఆ మామ ఆ అల్లుడితో అన్న చివరి మాట.

తర్వాత సంగతి కూపీకి తెలిసిందే, కానీ ఇంకోసారి చెప్పించాడు. మాస్టర్ షుగర్ పడిపోతే వాడటానికని ఓవెన్ పక్క అరలో ఒక ఎర్రమూత డబ్బా ఉంటుంది. అందులో పంచదార. ఆయనకు చెమటలు పట్టి మాట తడబడితే, ఎవరు దగ్గరుంటే వాళ్లు, ఇంకేమీ ఆలోచించకుండా ఆ డబ్బాలోంచి రెండు చెంచాలు నీళ్లలో కలిపి తాగించాలి. పనివాళ్లందరికీ మాస్టరే నేర్పిన కట్టడి అది. అల్లుడు ఒక గ్లాసు తాగించాడు. లేవలేదు. రెండో గ్లాసు కలిపి పట్టాడు. సగం లోపలికి, సగం నేల మీదికి. అప్పటికి స్పృహ పోయింది.

"రెండు గ్లాసులూ డబ్బాలోంచేనా?"

"డబ్బాలోంచే."

"మరి బస్తా ఎందుకు చించావు?"

అల్లుడు బల్ల వైపు చూశాడు. గోడవారన పేర్చిన పంచదార బస్తాల్లో ఒకటి నిలువునా చిరిగి ఉందని పోలీసుల ఫోటోలోనే కనబడింది. చిరిగింది, అన్నాడు. బస్తాలు తమంతట తాము చిరగవని, కేకులు కోసే చాకు దాని పక్కనే పడి ఉందని కూపీ గుర్తుచేశాడు. కథలు అల్లడం రాని అల్లుడు. అబద్ధం ఆడటానికి కూడా కొంచెం తీరిక కావాలి, ఆ తీరిక అతని మొహంలో లేదు.

"కూపీ గారూ, మీరు వెళ్లిపోండి. లాయర్ని కూడా పెట్టొద్దని మా ఆవిడతో చెప్పండి."

"చంపావా?"

"చంపానని రాసుకోమనండి."

చంపాను అనలేదు. రాసుకోమన్నాడు. ఆ రెంటికీ మధ్య ఎంత దూరముందో కొలవడానికి కూపీ చేతిలో ఉన్నది ఒక్క మధ్యాహ్నం.

*

బేకరీ వెనక గది తాళం తీస్తూ ఇన్‌స్పెక్టర్ ఎదురయ్యాడు. ఈయన్ని డిపార్ట్‌మెంటులో సీలు అంటారు. ఏ కేసైనా మూడో రోజుకల్లా సీలు వేసి పంపేస్తాడు. సీలు చూసుకుంటాడు గానీ అవతలివాడి శీలం చూసుకోడని కూపీ ఒకసారి పదిమందిలో అన్నాడు. ఆ మాట ఆయన చెవిదాకా వెళ్లింది, వెళ్లి అక్కడే కాపురం పెట్టింది.

"రండి కూపీ గారూ. చూసుకోండి. మీరు చూశాక ఊడ్చి తాళాలు ఇంటివాళ్లకి ఇచ్చేస్తాను."

కూపీ గుమ్మంలోనే ఆగి, సూది మోతాదు ఎక్కువైందనడానికి రుజువేమిటని అడిగాడు. ఇన్‌స్పెక్టర్ ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు బల్లకు ఆనుకున్నాడు.

"మామూలు డోసు పడి, ఒకపూట తినకపోతే షుగర్ తగ్గుతుంది. నిజమే. రెండు చెంచాల పంచదార నీళ్లు తాగితే పావుగంటలో లేచి కూర్చుంటారు. ఏ డాక్టర్నడిగినా చెబుతాడు. ఈయన ఒక గ్లాసు పూర్తిగా, రెండోది సగం తాగాడు. చూసినవాళ్లు ముగ్గురున్నారు. అయినా లేవలేదు. అంటే ఎంత ఎక్కించి ఉండాలి? అల్లుడు కాపాడుతున్నకొద్దీ నా కేసే బలపడింది. పాకాన పడిన కేసు ఇది, మీరు మధ్యలో గరిటె పెట్టకండి."

పొద్దున మాస్టర్‌కి వైద్యం చేసే డాక్టరును కలిస్తే ఆయనా ఇదే అన్నాడు. ఆ రెండు గ్లాసులే అల్లుడి మెడకు పడ్డ ఉరి. అతను మామను వదిలేసి వీధిలోకి పారిపోయి ఉన్నా ఇంతకంటే నిర్దోషిగా కనబడేవాడు.

నోట మాట రానప్పుడు కూపీ కాళ్లకు పని చెబుతాడు. గదంతా నెమ్మదిగా తిరిగాడు. ఓవెన్, ట్రేలు, పిండి కలిపే పెద్ద బల్ల. గోడవారన ఆరు పంచదార బస్తాలు. ఆరో దాని పొట్ట చీలి, పంచదార నేల మీదికి జారి ఉంది. మాస్టర్ తల ఆనిన చోట పోలీసులు గీసిన సుద్దగీత. అక్కడ గుప్పెడు పంచదార తడికి ముద్దకట్టి, నల్లగా చీమలు పట్టి ఉంది. కూపీ చెప్పు పెట్టి తీస్తే టప్‌మని శబ్దం వచ్చింది. అంత జిగురు.

అక్కడికి రెండడుగుల దూరంలో, మాస్టర్‌ను ముందు కూర్చోబెట్టి నీళ్లు పట్టిన స్టూలు ఉంది. దాని కింద రెండో గ్లాసు ఒలికిన మరక. సుద్ద అరగదీసినట్టు తెల్లటి పొర. దాని మీద ఒక్క చీమ లేదు. కూపీ చెప్పు పెట్టాడు. సన్నగా కరకరమంది. తీశాడు. జిగురు లేదు.

ఇంకోసారి పెట్టి తీశాడు.

"ఇక్కడ అతకడం లేదండీ," అన్నాడు.

"ఏది?"

"చెప్పు. దాంతోపాటు మీ కేసు."

ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చాడు. కూపీ చలోక్తులకు స్టేషన్‌లో ఒక అరలాంటిది కేటాయించారని, ఇది కూడా అందులో పడేస్తానని అన్నాడు. కూపీ వినిపించుకోకుండా బల్ల మీది ఎర్రమూత డబ్బా దగ్గరికి వెళ్లాడు. మూత తీసే ఉంది. సగానికి పైగా నిండి ఉంది. తెల్లటి గింజలు, పంచదార లాంటివే, మెరుపు ఒక పిసరు ఎక్కువ.

డబ్బా చేతిలోనే ఉంది, అందులో సరుకూ ఉంది, అలాంటప్పుడు మనిషి ప్రాణం పోతుంటే పరుగెత్తి వెళ్లి కొత్త బస్తా ఎందుకు చించాడని కూపీ అడిగాడు. పెనుగులాటలో చిరిగిందన్నాడు ఇన్‌స్పెక్టర్. స్పృహ లేని మనిషితో పెనుగులాట ఏమిటన్నాడు కూపీ. డబ్బాలోది తమ కానిస్టేబుల్ రుచి చూశాడని, తియ్యగానే ఉందని ఇన్‌స్పెక్టర్ కొంచెం గొంతు పెంచాడు.

"తియ్యగా ఉంటే పంచదారేనా? మీ మాటలూ తియ్యగానే ఉంటాయి."

ఒక చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. తీపే. కానీ ఆ తీపి కరుగుతూ నాలుకను చల్లబరిచింది, నోరు తెరిచి గాలికి నిలబడ్డట్టు. పంచదార ఆ పని చెయ్యదు.

పొయ్యి వెలిగించమని, లేకపోతే తనే వెలిగిస్తానని చెప్పి, ఇన్‌స్పెక్టర్ వద్దనేలోపే వెలిగించాడు. రెండు చిన్న గిన్నెలు పెట్టాడు. ఒకదాంట్లో బస్తాలోది, ఒకదాంట్లో డబ్బాలోది. బస్తా పంచదార అంచుల్లో కరిగి, తేనె రంగుకు వచ్చి, ఎర్రబడి, గదంతా కాలిన తీపి వాసన కొట్టింది. డబ్బాలోదీ కరిగింది. నీళ్లలా కరిగి, నీళ్లలాగే ఉండిపోయింది. మంట పెంచినా రంగు మారలేదు. దించి చల్లార్చితే మళ్లీ తెల్లగా గడ్డకట్టి గిన్నె అడుగున పొరలా కూర్చుంది. స్టూలు కింది మరక లాంటి పొరే.

"పాకాన పడ్డ కేసన్నారు. ఇది పాకమే రాని సరుకు."

ఇన్‌స్పెక్టర్ రెండు గిన్నెలనూ మార్చి మార్చి చూశాడు. కూపీ అక్కడే నిలబడి డాక్టరుకు ఫోన్ చేసి, అవతలి మాట ఇన్‌స్పెక్టర్‌కీ వినబడేలా పెట్టాడు. గింజ గింజగా ఉండి, చల్లగా తగిలి, ఎర్రబడని తీపి ఏమిటని అడిగాడు. షుగర్ ఉన్నవాళ్ల కోసం అమ్మే తీపిపొడి అన్నాడు డాక్టరు. అది విషమా అని ఇన్‌స్పెక్టర్ వంగి అడిగాడు.

"విషమేం కాదండీ. వీటి గురించి రోజుకో వార్త వస్తుంది, ఏళ్ల తరబడి కిలోలకొద్దీ తింటే గుండెకు మంచిదా కాదా అని ఇంకా తేల్చుకుంటూనే ఉన్నారు. ఒక చెంచా రెండు చెంచాలకు ఎవరికీ ఏమీ కాదు. అందులో ఏమీ లేదు, అంతే. నాలుకకు తీపి తెలుస్తుంది, నెత్తురుకు తెలియదు."

"షుగర్ పడిపోయినవాడికి అది కలిపి ఇస్తే?" అన్నాడు కూపీ.



"ఉత్త నీళ్లు ఇచ్చినట్టే," అన్నాడు డాక్టరు. "అది ఎవరిచ్చారు ఆయనకు?"

కూపీ ఫోన్ పెట్టేశాడు. ఆరు బస్తాల పంచదార మధ్య, రెండు చెంచాల పంచదార లేక మనిషి పోయాడు. అల్లుడు వేసింది మామూలు డోసే. తాగించింది కట్టడి ప్రకారమే. చుట్టూ పంచదార ఉన్నా ఎవరి చెయ్యీ అటు పోలేదు, ఎందుకంటే ఆ చేతులకు నేర్పింది డబ్బా ఒక్కటే. మామ లేవకపోయేసరికి చెంచా నాకి చూసుంటాడు అల్లుడు. అది తను కేకులో వాడిన పొడే గనక ఆ చల్లదనం వెంటనే పట్టేసి ఉంటాడు. అప్పుడు చించాడు బస్తా. గుప్పెడు పంచదార తడిపి మామ నోట్లో కూరాడు. కానీ మింగడానికి అప్పటికి మామకు స్పృహ లేదు.

ఇదంతా కూపీ ఒక్క గుక్కలో చెప్పేశాడు. తను చెప్పింది తనకే ఎంతో నచ్చింది. మాస్టర్ కూతురికి ఇచ్చిన మాట నిలబడింది, నాలుగింటికి ముందే నిలబడింది. సీలు మొహంలో రంగు మారడం చూడాలని ఆగాడు.

మారలేదు.

"బాగుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా. "మరి ఇది డబ్బాలో పోసిందెవరు?"

అప్పుడు వెలిగింది కూపీకి. అల్లుడికి సంగతి బస్తా చించిన నిమిషంలోనే తెలుసు. తనను విడిపించే మాట రెండు రోజులుగా నాలుక మీద పెట్టుకుని మింగేస్తున్నాడు. మనిషి అంత మాట ఎవరి కోసం మింగుతాడు? ఆ ఇంట్లో ఇంకా ఉన్నది ఇద్దరే, అతని భార్య, అత్త.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఒక్క నిమిషం ఆగండి."

ఆయన అప్పటికే రెండు గిన్నెలూ కానిస్టేబుల్ చేతికిచ్చి మెట్లెక్కుతున్నాడు.

*

బేకరీ పైనే ఇల్లు. మాస్టర్ భార్య కింద కూర్చుని, అవసరం లేకపోయినా, వంటింటి డబ్బాలన్నీ దించి తుడుస్తోంది. కూతురు మంచం మీద తండ్రి బట్టలు మడతపెడుతోంది. కూపీని చూడగానే కూతురు లేచింది, ఆశగా. ఆ చూపు కూపీకి మెట్లెక్కిన ఆయాసం కంటే ఎక్కువ తగిలింది.

ఇన్‌స్పెక్టర్ చాలా మెత్తగా మొదలుపెట్టాడు. కింది ఎర్రమూత డబ్బా నింపేది మీరేనా అమ్మా అన్నాడు. కూపీ అడ్డుపడి, ఆవిడ ఇప్పుడేమీ చెప్పక్కర్లేదని, లాయర్ వచ్చాక మాట్లాడొచ్చని అన్నాడు.

"చెప్పడానికేముంది అన్నయ్యగారూ. నేనే నింపుతాను," అందామె. "దాచుకునే విషయమా అది?"

దాచుకునే విషయం కాదు గనకే మొత్తం చెప్పేసింది. షాపు పంచదార ముట్టనని ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడట. ఒట్టు తప్పలేదు, ఒక్క గింజ ముట్టలేదు. కానీ వారానికి రెండు మూడు సార్లు నుదురు పట్టుకుని, కళ్లు తిరుగుతున్నాయిరా అని స్టూలు మీద కూలబడేవాడు. పనివాళ్లు పరుగెత్తి డబ్బాలోంచి కలిపి ఇచ్చేవాళ్లు. గ్లాసు ఎత్తి తాగుతూ, అంచు మీంచి కౌంటర్‌లో ఉన్న ఆమె వైపు ఒక కన్ను కొట్టేవాడు. మందు మీద ఒట్టు లేదుగా అని. పనివాళ్ల ముందు ఏమంటుంది? అల్లుడు కేకుల కోసం తెచ్చుకున్న తీపిపొడి ప్యాకెట్లోంచి తీసి, డబ్బాలో పంచదార పారబోసి, అది నింపేసింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయనకు తెలిసిపోతుంది.

"ముందు డాక్టరు గారిని అడిగాకే పోశానండీ. ఈ పొడి ఆయనకు హాని చేస్తుందా అని అడిగాను. చెయ్యదన్నారు. రెండు నెలల్నుంచి ఆయన తాగుతూనే ఉన్నారు, షుగర్ కొంచెం కూడా పెరగలేదు. నన్ను మోసం చేస్తున్నాననుకునేవారు పాపం."

చెబుతూ చెబుతూ ఆమె నవ్వింది. భర్త పోయాక అది మొదటి నవ్వు కాబోలు, కూతురు తలెత్తి చూసింది.

"మొన్న కూడా నటిస్తున్నారనే అనుకున్నాను. అల్లుడు గట్టిగా అరిచాడు. రెండు చెంచాలు కలిపివ్వు నాయనా, లేస్తార్లే అన్నాను కౌంటర్ నుంచే."

కూతురి చేతిలో చొక్కా సగం మడతలో ఆగిపోయింది. ఆమె చూపు తల్లి మీద నుంచి కానిస్టేబుల్ చేతిలోని గిన్నెల మీదికి వెళ్లింది, ఒకటి ఎర్రగా, ఒకటి తెల్లగా. అక్కడినుంచి కూపీ మీదికి వచ్చింది. కూపీ తల దించుకున్నాడు. అది చాలు ఆమెకు. ఆ పిల్ల బేకరీలో పుట్టి పెరిగింది.

ఇన్‌స్పెక్టర్ వాకిట్లోకి రమ్మని కూపీకి సైగ చేశాడు. గొంతు తగ్గించాడు గానీ లోపలికి వినబడకుండా ఉండేంత తగ్గించలేదు.

"సూది అల్లుడిది. పొడి అల్లుడిది. డబ్బా అత్తది. కౌంటర్ నుంచి 'ఇవ్వు, లేస్తార్లే' అన్న మాట. లోపల రెండు గ్లాసుల ఉత్త నీళ్లు, చూసేవాళ్లకు కాపాడుతున్నట్టే ఉంటుంది. పొద్దున నా దగ్గర ఒక హంతకుడున్నాడు. ఇప్పుడు కుట్ర ఉంది. దారి మీరే చూపించారు."

కూపీ వాదించాడు. ఆమెకు తెలియదన్నాడు. తెలిసినవాళ్లెవరైనా ఇలా నవ్వుతూ చెబుతారా అన్నాడు. టిఫిన్ తినకపోవడం వల్లే షుగర్ పడిందన్నాడు. తినలేదన్నది ఎవరు, అల్లుడు, అత్త, కూతురు, ముగ్గురి మాటా బాగానే కలిసిందన్నాడు ఇన్‌స్పెక్టర్. డాక్టరు సాక్ష్యం చెబుతాడన్నాడు కూపీ. పొడి సంగతి ఆమె ముందుగానే వాకబు చేసిందని చెబుతాడు, అంతేగా అన్నాడు ఇన్‌స్పెక్టర్. ప్రతి మాటకూ అతని దగ్గర ఒక సీలు ఉంది. కూపీ తవ్వి తీసిన ప్రతి నిజమూ అతని కాలి కింద మెట్టయింది. మాటలతో బతికిన మనిషికి మాట కోసం జేబులు తడుముకోవాల్సి వచ్చింది.

అల్లుడు ఇదంతా ముందే చూశాడు. చూసి, ఇద్దరి మీదికి వచ్చేదాన్ని తన ఒక్కడితో పోనిద్దామనుకున్నాడు. కూపీ వచ్చి దాన్ని రెండు చేశాడు.

"నాలుగింటికి ఇద్దర్నీ కలిపే పెడతాను," అని ఇన్‌స్పెక్టర్ లోపలికి తిరిగి, "అమ్మా, ఒకసారి స్టేషన్‌కి రావాలి. కొన్ని వివరాలు రాసుకోవాలి" అన్నాడు, అదే మెత్తటి గొంతుతో.

ఆమె లేవలేదు. తుడుస్తున్న డబ్బా ఒళ్లోనే ఉంది. ఇందాకటి నవ్వు మొహం మీదే ఉంది గానీ, ఇంట్లో మనుషులు వెళ్లిపోయాక వెలుగుతూ మిగిలిన దీపంలా ఉంది. వాకిట్లో మాటలు ఎంతవరకు విందో తెలియదు. గిన్నెల వైపు చూస్తోంది.

"అన్నయ్యగారూ."

"చెప్పమ్మా."

"ఆ డబ్బాలో పంచదారే ఉంటే, ఆయన లేచేవారా?"

డాక్టరు మాట ఇంకా కూపీ చెవిలోనే ఉంది. రెండు చెంచాలు. పావుగంట.

"గుండె జబ్బు మనిషి కదమ్మా," అన్నాడు. "చెప్పలేం."

ఆమె అతన్ని చాలాసేపు చూసింది. ఇరవై ఏళ్లుగా ఎదుటివాళ్ల మొహాల్లో అబద్ధం చదివి బతికినవాడి మొహం ఆమె చదివింది. తర్వాత కూతురి వైపు తిరిగింది.

"నువ్వు చెప్పవే."

కూతురు మడతపెట్టిన చొక్కా పక్కన పెట్టింది. మంచం కింద నుంచి తల్లి చెప్పులు తీసుకొచ్చి ఆమె కాళ్ల ముందు పెట్టి, కింద కూర్చుని, ఒక్కో కాలూ ఎత్తి తొడిగింది. కింద గదిలో కూపీ కాచిన పాకం వాసన మెట్లెక్కి ఇప్పుడు ఇల్లంతా నిండింది. తొడగడం అయిపోయాక కూడా ఆ పిల్ల తలెత్తలేదు.